కోడ్ రాయాలా, పాలసీలోకి పోవాలా: హనుమకొండలో నాలుగు సిట్టింగుల కెరీర్ గైడెన్స్, ఏడాది తర్వాత నా రివ్యూ

మన దగ్గర కెరీర్ గైడెన్స్ అంటే ఇంటర్ పిల్లలకి ఏ కాలేజీ, ఎప్‌సెట్ ర్యాంకుకి ఏ బ్రాంచి, కన్సల్టెన్సీ అంటే అమెరికా వీసా. ఉద్యోగం చేస్తూ, నెలనెలా జీతం పడుతూ, అయినా దారి మార్చుకోవాలా వద్దా అని రాత్రుళ్లు నిద్ర పట్టనివాళ్లు ఎవరి దగ్గరికి పోవాలో ఎవరూ చెప్పరు. నాకూ ఎవరూ చెప్పలేదు, ఒక సీనియర్ అక్క మాట వరసకి అంటే కిషన్‌పురలో ఒక మేడమ్ దగ్గరికి పోయాను. నాలుగు సిట్టింగులకి నాలుగు వేల ఐదు వందలు. వెళ్లొచ్చి ఏడాది దాటింది కాబట్టి ఇప్పుడు రాస్తే న్యాయంగా ఉంటుందనిపించింది, బయటికి వచ్చిన రోజే రాసుంటే అయిదు నక్షత్రాలు ఇచ్చి ఊరుకునేదాన్ని. పేరు రాయొద్దని ఆవిడే అడిగారు, నెలకి ఏడెనిమిది మందికి మించి చూడలేరట, అందుకే రాయడం లేదు.

ముందు నా సంగతి చెప్పాలి, లేకపోతే రివ్యూ అర్థం కాదు. హనుమకొండలోనే బీటెక్, తర్వాత ఆరేళ్లుగా సాఫ్ట్‌వేర్, అందులో నాలుగేళ్లు ఒకటే పని: రెండు రికార్డులు ఒకే మనిషివా, ఇద్దరివా అని తేల్చే ప్రోగ్రాం. బ్యాంకులకి, ఇన్సూరెన్స్ కంపెనీలకి ఇది కావాలి. పేరు, పుట్టిన తేదీ, అడ్రసు, ఫోన్ నంబరు తీసుకుని వందకి ఇన్ని మార్కులని వేస్తాం, 85 దాటితే ఇద్దరూ ఒకరే అని కలిపేస్తాం. తెలుగు పేర్లతో పనిచేస్తే తెలుస్తుంది ఆ బాధ. లక్ష్మి అనే పేరుని ఇంగ్లిష్‌లో ఎక్స్ పెట్టి రాసినవాళ్లున్నారు, కె ఎస్ హెచ్ పెట్టి రాసినవాళ్లున్నారు, చివర ఐ రాసినవాళ్లు, డబుల్ ఈ రాసినవాళ్లు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట ఒట్టి పొడి అక్షరం. ఒకరోజు టెస్టింగ్‌లో చూస్తే పేరు దగ్గర దగ్గరగా ఉండి, ఊరు ఒకటే ఉండి, పుట్టిన తేదీ కూడా ఒకటే ఉన్న ముసలివాళ్లు గుట్టలుగా కలిసిపోతున్నారు. తేదీ చూస్తే అందరిదీ జనవరి 1. మన ఊళ్లలో పెద్దవాళ్లకి పుట్టిన రోజు తెలియకపోతే కార్డు తీసేటప్పుడు సంవత్సరం అంచనాగా వేసి జనవరి 1 పెట్టేస్తారు కదా, మా నానమ్మదీ అంతే. మా ప్రోగ్రాం మాత్రం దాన్ని గట్టి సాక్ష్యం కింద లెక్కేసుకుని మార్కులు పోసేస్తోంది.

జనవరి 1కి మార్కులు తగ్గించడం చిన్న పని, సాయంత్రానికల్లా చేసేశాను. కానీ ఆ 85 ఎవరు పెట్టారని అడిగితే సమాధానం దొరకలేదు. నాకంటే ముందు ఆ సీట్లో ఉన్నతను పెట్టాడు, క్లయింట్ ఒప్పుకున్నాడు, అంతే. 80 చేస్తే వేలమంది అటు పడతారు, 90 చేస్తే వేలమంది ఇటు పడతారు, అది కోడ్‌లో ఒక్క లైను. అదే రోజుల్లో సుప్రీంకోర్టు ఆదేశం గురించి చదివాను, 2022 ఏప్రిల్‌లో వచ్చింది: తెలంగాణలో 2016 నుంచి రద్దయిన రేషన్ కార్డులు, దాదాపు 19 లక్షలు, కంప్యూటర్ తేల్చిందని వదిలేయకుండా మళ్లీ మనుషులు పోయి ఇంటింటా పరిశీలించాలని. సమగ్ర వేదిక అని రాష్ట్రంలో ఒక డేటా వ్యవస్థ ఉంది, రకరకాల శాఖల రికార్డులని పేరు, చిరునామా చూసి ఒక మనిషి కింద కలుపుతుంది. చదువుతుంటే నా చేతుల్లో చెమట పట్టింది, ఎందుకంటే అది నేను రోజూ చేసే పని. నా దగ్గర తప్పు జరిగితే ఒక కస్టమర్‌కి రెండు ఎస్సెమ్మెస్‌లు పోతాయి. అక్కడ జరిగితే బియ్యం ఆగుతాయి. అప్పుడు మొదలైంది, నేను ఇంకా ఇక్కడే కూర్చుని కోడ్ రాయాలా, లేక ఆ గీతలు గీసే చోటికి, అంటే ప్రభుత్వం రూల్స్, పథకాలు తయారుచేసే పాలసీ వైపు పోవాలా అని.

మొదట ఆన్‌లైన్‌లో ఒక పెద్ద కెరీర్ కంపెనీకి పన్నెండు వేలు కట్టాను. 180 ప్రశ్నల పరీక్ష పెట్టారు, 34 పేజీల రిపోర్టు పంపారు, రంగురంగుల చక్రాలు. నాకు విశ్లేషణ బలం ఉందట, సమాజం మీద ఆసక్తి ఉందట, కాబట్టి టెక్నాలజీ అయినా పాలసీ అయినా సరిపోతుందట. ఫోన్ చేసి ఏది అని అడిగితే మీ ప్యాషన్ ఏదైతే అది అన్నారు. డబ్బు తిరిగి అడిగాను, ఇవ్వలేదు. దాని గురించి ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

కిషన్‌పుర మేడమ్ ఆఫీసు జిరాక్స్ షాపు మీద మొదటి అంతస్తు. ముందు గదిలో బల్ల, స్టీలు ఫిల్టరు, గోడకి ఒక రైల్వే టైం టేబుల్, లోపలి గదిలో టేబుల్ నిండా గెజిట్ కాపీలు. ఆవిడ ఇరవై ఏళ్లు ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేసి, తర్వాత ఢిల్లీలో ఒక పాలసీ పరిశోధన సంస్థలో తొమ్మిదేళ్లు చేసి, అమ్మానాన్నల్ని చూసుకోవడానికి ఇంటికి వచ్చేశారు. రెండు ఒడ్లూ చూసిన మనిషి, అదొక్కటే నేను పోవడానికి కారణం.

మొదటి సిట్టింగ్ అంతా ఆవిడ నా చేత మాట్లాడించారు. నేను 85 సంగతి చెప్పాను, జనవరి 1 సంగతి చెప్పాను, ఇక పాలసీలోకి పోతే ఏదైనా చేయొచ్చని చెప్పాను. ఆవిడ మధ్యలో ఒకే ప్రశ్న వేశారు. "పాలసీలోకి పోయినంక పొద్దున పదింటికి నువ్వు కూర్చుని ఏం చేస్తుంటవు బిడ్డా?" నాకు చెప్పడానికి మాట రాలేదు. హోదా తెలుసు, సంస్థల పేర్లు తెలుసు, పదింటికి ఏం చేస్తారో తెలీదు. "అట్లయితే ఎంచుకునేది దేన్ని? పేరునా?" అన్నారు. నిన్ను నేను అడిగి తేల్చలేను, పని చేసి చూడు అని రెండు పనులు ఇచ్చి పంపారు. ఒకటి, ఒక సోమవారం ప్రజావాణికి, అంటే జనం అధికారులకి అర్జీలు ఇచ్చుకునే చోటికి పోయి పొద్దున్నుంచి ముగిసేదాకా ఊరికే కూర్చోవడం. రెండు, అప్పుడే వచ్చిన డేటా రక్షణ డ్రాఫ్ట్ రూల్స్ చదివి నాకు తెలిసిన ఒక్క విషయం మీద రెండు పేజీల నోట్ రాయడం. రెండు పేజీలు అంటే రెండే.

ప్రజావాణికి పోయాను, ఏ ఊళ్లోనో రాయను. నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడు, చేతిలో పాలిథిన్ కవరు, అందులో మడతలు పడ్డ కాగితాలు. చూపించమంటే చూపించాడు. ఒక కార్డులో మల్లయ్య అనే పేరు ఇంగ్లిష్‌లో రెండు వై లతో ఉంది, పాస్‌బుక్కులో ఒకే వై తో ఉంది, మూడో కాగితంలో ఆయన పేరు ఉండాల్సిన చోట ఆయన నాన్న పేరు ఉంది. పుట్టిన తేదీ మూడింట్లోనూ జనవరి 1, సంవత్సరం మాత్రం రెండు రకాలు. నా ప్రోగ్రాంలో వేస్తే ఈ మూడు కాగితాలకి ఎన్ని మార్కులు వస్తాయో నాకు నోటికి వచ్చేసింది, 70 చుట్టుపక్కల. అంటే నా లెక్కలో ఆయన ముగ్గురు మనుషులు. ఆయన మాత్రం నా పక్కనే కూర్చుని, "టీ తాగుతవా అమ్మా" అని అడుగుతున్నాడు. నాలుగేళ్లు ఈ పని చేసి కూడా నేను ఒక్కసారి అటువైపు మనిషిని చూడలేదు. ఈ ఒక్క రోజుకే నాలుగు వేల ఐదు వందలు ఇచ్చేయొచ్చు.

రూల్స్ సంగతికి వస్తాను. 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని డ్రాఫ్ట్ రూల్స్ 2025 జనవరి 3న పెట్టారు, ఎవరైనా అభిప్రాయం పంపొచ్చు, మొదట ఫిబ్రవరి 18 వరకు గడువు, తర్వాత మార్చి 5 వరకు పెంచారు. మామూలు జనానికి ఇలా రాసే హక్కు ఉందని కూడా నాకు అప్పటిదాకా తెలీదు. 2014లోనే కేంద్రం ఒక విధానం పెట్టుకుంది, చట్టం ముసాయిదాని కనీసం 30 రోజులు జనం ముందు ఉంచాలని. సరే, ఆ డ్రాఫ్టులో అయిదో రూలు ప్రభుత్వం రాయితీలు, పథకాల కోసం మన డేటా వాడుకోవడం గురించి. దానికి రెండో షెడ్యూల్‌లో ప్రమాణాలు ఉన్నాయి, అందులో ఒకటి, డేటా పూర్తిగా, కచ్చితంగా, పొంతనగా ఉండేలా తగినంత ప్రయత్నం చేయాలని. చదవగానే మల్లయ్య కవరు గుర్తొచ్చింది. తగినంత అంటే ఎంత? దాని మీదే నోట్ రాశాను, సంక్రాంతి సెలవుల్లో మూడు రాత్రులు కూర్చుని, చాలా బాగా వచ్చిందనుకుని తీసుకుపోయాను.

రెండో సిట్టింగ్‌లో ఆ నోట్ మీద ఆవిడ ఎర్ర పెన్నుతో గంటన్నర కూర్చున్నారు. నాకు ఆరేళ్లలో ఎవరూ ఇంత శ్రద్ధగా కోడ్ రివ్యూ చేయలేదు. నా మొదటి వాక్యం, "సిస్టమ్‌లో పేర్లు సరిపోలకపోవడం వల్ల అర్హులకి అన్యాయం జరగవచ్చు." ఆవిడ సిస్టమ్ అన్న మాట చుట్టూ గీశారు, పక్కన "ఎవరు?" అని రాశారు. జరగవచ్చు చుట్టూ గీసి "ఎన్నిసార్లు?" అని రాశారు. అన్యాయం చుట్టూ గీసి "అంటే ఏమి ఆగింది, ఎన్ని రోజులు?" అని రాశారు. కింద నేను కచ్చితమైన ఆల్గరిథం వాడాలని రాస్తే మొత్తం కొట్టేసి, "ఇది చదివే అధికారి రేపు పొద్దున ఏ కాగితం మీద ఏమని సంతకం పెట్టాలె? అది రాయి" అన్నారు.

ఇంటికొచ్చి మళ్లీ రాశాను. పేర్లు సరిపోలలేదని ఒక పథకం ఆపే ముందు ఆ మనిషికి తెలుగులో, కాగితం మీద నోటీసు ఇవ్వాలి. ఏ రెండు రికార్డులు పోల్చి చూశారో అందులో రాయాలి. పుట్టిన తేదీ జనవరి 1 అయితే దాన్ని సాక్ష్యంగా లెక్కలోకి తీసుకోకూడదు. మార్కులు ఒక గీతకీ ఇంకో గీతకీ మధ్య పడితే మనిషి పోయి చూసేదాకా ఆపకూడదు. నాలుగు వాక్యాలు, నాలుగూ నేను పని చేసిన చోటు నుంచి వచ్చినవే. జనవరి 1 వాక్యం చూసి ఆవిడ పెన్ను కింద పెట్టేశారు. "ఢిల్లీల తొమ్మిదేండ్లు ఉన్న, ఇది మాకెవరికీ తెల్వదు. నువ్వు అక్కడ కూర్చుని చూసినవు గనుక తెలిసింది" అన్నారు. నాకు ఆ మాట పొగడ్తలా అనిపించలేదు, ఎటు పోవాలో చెప్పే బాణం గుర్తులా అనిపించింది. ఆ నోట్ పోర్టల్‌లో పంపాను. ఒక మాట చెప్పాలి, మనం పంపినవి బయటపెట్టరు, ఎవరు చదివారో తెలియదు, రసీదు తప్ప ఏమీ ఉండదు. సాఫ్ట్‌వేర్‌లో సాయంత్రం మార్చింది పొద్దునకల్లా నడుస్తుంటే చూసే అలవాటున్నవాళ్లకి అది మింగుడు పడటం కష్టం.

మూడో సిట్టింగ్ దారుల గురించి. ఇది త్వరగా చెప్పేస్తా. మా ఇంట్లో పాలసీ అంటే కలెక్టరే, కాకపోతే గ్రూప్-1. 2024లో 563 పోస్టుల నోటిఫికేషన్‌కి మా చుట్టాల్లోనే ఆరుగురు రాశారు. మేడమ్ అది వేరే దారి అని విడమరిచి చెప్పారు, అక్కడ నీ టెక్నికల్ పని పరీక్ష గదిలోనే ఆగిపోతుంది, తర్వాత అన్ని శాఖలూ తిరగాలి, అది ఇష్టమైతే మంచిదే. ఎంపీల దగ్గర ఏడాది పనిచేసే ల్యాంప్ ఫెలోషిప్ 2010 నుంచి ఉంది, కానీ 25 ఏళ్లు దాటితే తీసుకోరు, నాకు అప్పటికే 29. బెంగళూరు నేషనల్ లా స్కూల్లో రెండేళ్ల పబ్లిక్ పాలసీ మాస్టర్స్ ఉంది, హైదరాబాద్‌లో కౌటిల్య స్కూల్ ఉంది, ఉద్యోగం మానకుండా చదవాలంటే తక్షశిల వాళ్ల 12 వారాల ఆన్‌లైన్ కోర్సు ఉంది. ఇక నేరుగా ప్రభుత్వంలో పైస్థాయికి తీసుకునే లేటరల్ ఎంట్రీ అంటారా, 2024 ఆగస్టులో 45 పోస్టులకి ప్రకటన ఇచ్చి మూడు రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు, దాని మీద ఆశ పెట్టుకుని ఉద్యోగం మానొద్దన్నారు. మిగిలింది ఢిల్లీ, బెంగళూరు, పుణెల్లోని పరిశోధన సంస్థలు. అక్కడ జీతం నాకు వచ్చేదాంట్లో సగం కంటే తక్కువ, అదీ చాలావరకు ఏడాది, రెండేళ్ల కాంట్రాక్టులు, ప్రాజెక్టుకి నిధులున్నన్ని రోజులే.

డబ్బు కంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇంకొకటి. ఆవిడ ఒక తెల్ల కాగితం మీద ఈ డేటా చట్టం తేదీలు వరసగా రాయించారు. 2017 ఆగస్టు 24, గోప్యత ప్రాథమిక హక్కు అని పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీల తీర్పు. 2018లో డేటా రక్షణ మీద వేసిన శ్రీకృష్ణ కమిటీ ముసాయిదా. 2019 డిసెంబర్‌లో బిల్లు. 2022 ఆగస్టులో ఆ బిల్లు వెనక్కి. 2023లో చట్టం. 2025 జనవరిలో డ్రాఫ్ట్ రూల్స్. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది, కింద నేనే ఇంకో లైను చేర్చుకున్నాను: 2025 నవంబర్, తుది రూల్స్, అందులోనూ ముఖ్యమైనవి చాలావరకు 18 నెలల తర్వాతే అమల్లోకి. ఒక్క చట్టానికి దాదాపు పదేళ్లు. "మొదటి తేదీ నాడు నీకెన్నేండ్లు, చివరి తేదీ నాడు ఎన్నేండ్లు, పక్కన వేసుకో" అన్నారు. 2017లో నాకు 21, బీటెక్ పరీక్షలు రాస్తున్నాను. ఇందులో పనిచేసినవాళ్లు ఎవరో నా కాలేజీ రోజుల్లో మొదలుపెట్టి ఇప్పటికీ అదే ఫైలు మీద కూర్చుని ఉంటారు. అంత ఓపిక నాకుందా అని నన్ను నేను అడుక్కోవాల్సి వచ్చింది, ఆ 34 పేజీల రిపోర్టు ఈ ప్రశ్న అడగనేలేదు.

ఆ వారం ఊరికి పోయాను. మా నాన్న పరకాల దగ్గర పత్తి పండిస్తాడు, ఏనుమాముల మార్కెట్‌కి తోలుతాడు. నేను అవస్థ పడుతున్నది ఆయనకి అర్థమయ్యేలా చెప్పాలని చాలాసేపు ప్రయత్నించాను. కోడ్ అన్నాను, పాలసీ అన్నాను, తలకెక్కలేదు. అప్పుడు ఆయనే అన్నాడు, "మార్కెట్ల తేమ మీటరున్నదా, అట్లనా?" పత్తి రైతులకి ఇది బాగా తెలుసు. మద్దతు ధర పొడుగు పింజకి ఆ ఏడు క్వింటాలుకి 7,521 రూపాయలు. తేమ 8 శాతం లోపుంటే పూర్తి ధర, 8 దాటి 12 లోపుంటే శాతానికింత కోత, 12 దాటితే మద్దతు ధరకి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ కొనదు. మీటరు చేసేది ఒకరు, 8 అని 12 అని గీత గీసింది ఇంకొకరు. మా నాన్న బస్తా మీద చెయ్యి పెట్టి చూపిస్తున్నట్టు గాలిలో చెయ్యి పెట్టి, "మీటరు తప్పు జూపితె ఒక్కని బస్తా పోతది. గీత తప్పు గీస్తె అందరియి పోతయి. గని గీత గీసెటోనికి పొద్దుగాల మంచుల పత్తి ఎట్లుంటదో ఎరుక లేకపాయె" అన్నాడు. ఆయన చదివింది ఏడో తరగతి. నేను ఆ రాత్రి మేడమ్ రాయమన్న మూడో పని, అంటే ఎటు పోతానో ఒక పేజీలో రాయడం, గంటలో పూర్తి చేశాను.

నాలుగో సిట్టింగ్‌కి ఆ పేజీ తీసుకుపోయాను. నేను రాసుకున్నది ఇది: ఇంకో రెండు మూడేళ్లు టెక్నికల్ పనిలోనే ఉంటాను, కానీ ఇదే సీట్లో కాదు. మా కంపెనీలోనే ప్రోగ్రాంలు తప్పు కలుపుతున్నాయా అని పరీక్షించే చిన్న టీం ఉంది, అందులో ప్రమోషన్ నెమ్మది, ఎవరూ అడిగి మరీ పోరు. అటు మారతాను. ఎందుకంటే నోట్‌లో పనికొచ్చిన నాలుగు వాక్యాలూ పని నుంచి వచ్చాయి, చదువు నుంచి కాదు. ఇప్పుడే బయటికి పోతే ఉన్న సరుకు రెండేళ్లలో అయిపోతుంది, ఆ తర్వాత నేను కూడా తగినంత, సమంజసమైన అని రాసేదాన్నే అవుతాను. పైగా ఇటు నుంచి అటు పోవడం అయిదేళ్ల తర్వాతైనా కుదురుతుంది, అటు అయిదేళ్లు ఉండి మళ్లీ కోడ్‌లోకి రావడం చాలా కష్టం, చేతి పని తుప్పు పడుతుంది. ఆవిడ చదివి వాదించలేదు. నేను ఇప్పుడే పోతే బాగుండునని ఆవిడ మనసులో ఉందని నాకు అనిపించింది, అడిగితే "నా మనసులున్నది నీకెందుకు" అన్నారు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పారు, తేదీ పెట్టుకోమని. రెండు మూడేళ్లు అనొద్దు, నెల రాయి అని పెన్ను చేతికిచ్చారు. 2027 డిసెంబర్ అని రాశాను.

ఏడాది తర్వాత ఎలా ఉందంటే, టీం మారాను, ఆ ఏడు జీతం పెద్దగా పెరగలేదు, బాధ లేదు. 85 అనే లైను పక్కన ఇప్పుడు మా దగ్గర ఒక కాగితం ఉంటుంది, ఎందుకు 85, ఎవరు ఒప్పుకున్నారు, మారిస్తే ఎవరికేమవుతుంది అని, సంతకంతో సహా. దాన్ని పెట్టించడానికి ఏడు నెలలు పట్టింది, మీటింగుల్లో ఒకే మాట పదకొండుసార్లు చెప్పాను. అప్పుడు అర్థమైంది, పాలసీ పని అంటే ఇదే అని, ఢిల్లీ పోకుండానే కొంచెం రుచి చూశాను. 12 వారాల కోర్సు కూడా పూర్తయింది. బయట డ్రాఫ్టులు వచ్చినప్పుడు నాకు తెలిసిన చోట రెండు పేజీలు రాసి పంపుతున్నాను, ఇప్పటికి మూడు పంపాను.

ఇక లోపాలు. మేడమ్ టైం పాటించరు, మూడో సిట్టింగ్‌కి గంటంపావు కూర్చోబెట్టారు, ముందు ఫోన్ చేసి చెప్పొచ్చు, చెప్పలేదు. సాఫ్ట్‌వేర్ జీతాల మీద, ఇప్పటి ఏఐ ఉద్యోగాల మీద ఆవిడకి తెలిసింది పాతది, అది మనమే కనుక్కోవాలి. యూరప్‌లో ఏఐ చట్టం 2024 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది, దానివల్ల ఇక్కడి కంపెనీల్లోనూ ఆడిట్ పనులు పెరుగుతున్నాయి కదా అంటే, "అది నాకు తెల్వదు, తెలిసినోళ్లని అడుగు" అనేశారు, అబద్ధం చెప్పలేదు, అది మెచ్చుకోవాలి, కానీ నేను డబ్బు కట్టింది అందుకు కూడా. పెళ్లి, పిల్లలు, వయసు మీద పడ్డ అమ్మానాన్నలు, ఇలాంటివి ఉన్న ఆడపిల్ల ఢిల్లీలో ఏడాది కాంట్రాక్టుకి ఎలా పోతుందనే ప్రశ్నకి ఆవిడ దగ్గర సరైన జవాబు లేదు. తాను పోయాను కాబట్టి పోవచ్చనే ధోరణి ఉంది. నేను దాని మీద రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ మాట దాటేశారు. అక్కడ నాకు నిజంగా నొచ్చింది. మెట్లు ఇరుకు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కష్టం. నాలుగో సిట్టింగ్ తర్వాత ఫోన్ చేసినా ఎత్తరు, ఫాలోఅప్ అనేది లేదు.

ఎవరు పోవచ్చంటే, నాలుగైదేళ్లు ఏదో ఒక టెక్నికల్ పని చేతులతో చేసి, ఆ పనిలో ఒక చోట ఏదో తప్పుగా ఉందని కడుపులో మంట ఉన్నవాళ్లు. కరెంటు వాళ్లు, నీళ్ల వాళ్లు, ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ వాళ్లు, ఎవరైనా. హనుమకొండలో వాన నీళ్లు పోయే నయీంనగర్ నాలా 2020లో, 2023లో ఎలా పొంగిందో చూసిన ఒక సివిల్ ఇంజనీరు నాతోపాటే వచ్చేవాడు, అతని నోట్ ఆ నాలా మీదే. నాలా ఎంత వెడల్పుండాలో అతనికి లెక్క తెలుసు, ఒడ్డున ఉన్న షాపువాళ్లకి ఎంత ఇచ్చి ఎక్కడికి పంపాలో రాయమంటే మూడు వారాలు రాలేదు, వచ్చినప్పుడు మాత్రం చేతిలో ఆ షాపుల జాబితా ఉంది, ఒక్కొక్కరి దగ్గరికి పోయి మాట్లాడి వచ్చాడు. ఉద్యోగం మీద ఒట్టి విసుగుతో మారదామనుకునేవాళ్లు, బీటెక్ ఫైనలియర్‌లో ఉన్నవాళ్లు ఇప్పుడే పోవద్దు, వాళ్లకి రాయడానికి సొంత విషయం ఉండదు, మేడమ్ కూడా రెండేళ్లు పని చేసి రా అని వెనక్కి పంపేస్తారు, డబ్బు తీసుకోరు.

మొన్న జాతర రద్దీ తగ్గాక ఒకసారి అటు పోయినప్పుడు చూశాను, ఇంకా నడుస్తోంది, ఫీజు అయిదు వేలు చేశారు. శనివారాలు పోవద్దు, వచ్చే ఆ కొద్దిమందీ ఎక్కువగా ఆ రోజే వస్తారు. బండి కింద పెట్టడానికి చోటు లేదు, నాలుగిళ్ల అవతల వేపచెట్టు కింద పెట్టుకోవాలి. రెండో సిట్టింగ్‌కి నోట్ రెండు కాపీలు తీసుకుపోండి, ఒకటి ఆవిడ ఎర్ర పెన్నుకి, ఒకటి మీకు, ఎందుకంటే ఆవిడ గీసిన కాపీ మీద మీ వాక్యాలు మీకే కనబడవు. కింద జిరాక్స్ షాపు తొమ్మిదిన్నరకి తెరుస్తారు.